కరెంటు సంస్కరణలు: పరిశోధన ఖర్చు ఎవరి బిల్లులో?

విద్యుత్ సంస్కరణలు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే: చార్జీల పెంపు, ప్రైవేటీకరణ. బరంపురంలో అయినా, పావగడలో అయినా, షోలాపూరు మరమగ్గాల వాడల్లో అయినా చర్చ అక్కడ మొదలై అక్కడే ఆగుతుంది. మూడో సంగతి ఒకటుంది. కరెంటు రంగంలో కొత్త పరిజ్ఞానం ఎవరు తయారు చేయాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలి? పాత విద్యుత్ బోర్డుల కాలంలో దీనికి ఏదో ఒక జవాబు ఉండేది. బోర్డులను విడగొట్టి మార్కెట్ పెట్టాక ఆ జవాబు చెదిరిపోయింది. కొత్త జవాబు ఇంకా పూర్తిగా కుదరలేదు. మన పాఠకులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలన్నీ ఈ కథలో ఏదో ఒక మలుపులో కనిపిస్తాయి కాబట్టి, వివరాలన్నీ ఒకచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాం.

బోర్డుల కాలం

1948 విద్యుత్ సరఫరా చట్టంతో రాష్ట్ర విద్యుత్ బోర్డులు వచ్చాయి. కరెంటు పుట్టించేది, లైన్ల మీద తెచ్చేది, ఇంటికిచ్చి బిల్లు వసూలు చేసేది అన్నీ ఒకే సంస్థ. 1960లో బెంగళూరులో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, అంటే సీపీఆర్‌ఐ, ఏర్పడింది. 1978లో దాన్ని స్వయంప్రతిపత్తి గల సంస్థగా మార్చారు. తర్వాత హైదరాబాదు ఉప్పల్లో అతి ఎక్కువ వోల్టేజీ పరీక్షలకు, నాగ్‌పూర్ దగ్గర కొరాడిలో థర్మల్ కేంద్రాల సమస్యలకు విడివిడిగా ప్రయోగశాలలు పెట్టారు.

బోర్డులు పరిశోధనకు స్వర్ణయుగం అని మేము అనడం లేదు. లైన్ నష్టాలు, బకాయిలు, కరెంటు దొంగతనాల మధ్య చాలా బోర్డులకు జీతాలు ఇవ్వడమే గగనంగా ఉండేది. అయితే ఒక బోర్డు ఏదైనా ప్రయోగం చేయాలనుకుంటే, ఆ ఖర్చును మిగతా ఖర్చులతో కలిపి మోయగలిగేది. ఎందుకు పెట్టావని లెక్కకట్టి అడిగే నియంత్రణ మండలి లేదు. తక్కువ ధరకు అమ్మి గిరాకీ లాక్కునే పోటీదారూ లేడు.

అలా జరిగిన ప్రయోగాల్లో ఒకటి మన ప్రాంతానిదే. దిగువ సీలేరు నుంచి బస్తర్‌లోని బార్సూరు దాకా సుమారు 196 కిలోమీటర్ల లైను వేసి, అధిక వోల్టేజీ డైరెక్ట్ కరెంటు ప్రసారాన్ని దేశీయ పరిజ్ఞానంతో పరీక్షించారు. 1980ల చివర్లో పూర్తయిన ఈ పనిలో బీహెచ్‌ఈఎల్‌తో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ బోర్డులు పాలుపంచుకున్నాయి. దాని మీద ఎవరికీ లాభం రాలేదు, రావాలని వేసిందీ కాదు. చేసి నేర్చుకోవడానికి వేసిన లైను అది. 2003లో ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారు దాకా 2,000 మెగావాట్ల డైరెక్ట్ కరెంటు లైను వచ్చింది. కోలారు పల్లెల్లో మనవాళ్ల ఇళ్లకు తాల్చేరు బొగ్గు వెలుగు దాని మీదుగానే చేరుతోంది. ఆ పెద్ద లైనుకు పరికరాలు ఇచ్చింది మాత్రం జర్మనీ సంస్థ సీమెన్స్. బీహెచ్‌ఈఎల్ చేతులు ముడుచుకు కూర్చోలేదు, తర్వాతి లైన్లలో విదేశీ కంపెనీలకు భాగస్వామిగా పనిచేసింది. సీలేరు ప్రయోగం దానికి కొంత ఉపయోగపడింది. కానీ అలాంటి 'నేర్చుకునే లైను' మళ్లీ వేయడానికి రాష్ట్రాల చేతిలో సంస్థే మిగలలేదు.

బ్రిటన్‌లో ముందే జరిగింది

ఈ మార్పు ఎలా జరుగుతుందో తెలియాలంటే బ్రిటన్ వైపు చూడాలి. మన దేశంలోకి వచ్చిన నమూనా చాలావరకు అక్కడిదే. ఇంగ్లండు, వేల్స్‌లలో కరెంటు ఉత్పత్తి, ప్రసారం చూసిన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ జనరేటింగ్ బోర్డుకు లెదర్‌హెడ్, బర్క్‌లీ, మార్చ్‌వుడ్‌లలో పెద్ద ప్రయోగశాలలు ఉండేవి. 1989 చట్టంతో ఆ బోర్డును 1990లో ముక్కలు చేసి, చాలా భాగాన్ని అమ్మేశారు. కొన్నేళ్లలోనే లెదర్‌హెడ్ ప్రయోగశాల మూతపడింది.

మూసిన కొత్త కంపెనీలవాళ్లు దుర్మార్గులేం కాదు. వాళ్ల లెక్క సరైనదే. ఒక కంపెనీ డబ్బు పెట్టి కనుక్కున్న సంగతిని పక్క కంపెనీ ఊరికే వాడుకోగలిగితే ఎవరూ ముందు పెట్టరు. ఇరవై ఏళ్ల తర్వాత ఫలితమిచ్చే పరిశోధన కన్నా వచ్చే ఏడాది ఖర్చు తగ్గించే పని వాటాదారులకు నచ్చుతుంది. పంపిణీ కంపెనీలకు ఇంకో చిక్కు ఉంది. వాటికి పోటీ లేదు, కాబట్టి ధరలను నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. ఖర్చు తగ్గిస్తే మిగులు కంపెనీకి దక్కే పద్ధతిలో మొదట కోత పడేది పరిశోధన మీదే, ఎందుకంటే కోసిన నొప్పి ఆ ఏడాది ఎవరికీ తెలియదు. అక్కడ పంపిణీ కంపెనీల పరిశోధన ఖర్చు వాటి ఆదాయంలో వెయ్యో వంతుకు కూడా రాని స్థితికి పడిపోయింది.

దాన్ని చూసి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2005లో దారి మార్చింది. పంపిణీ కంపెనీ తన ఆదాయంలో అర శాతం దాకా కొత్త ప్రయోగాలకు ఖర్చు చేస్తే, అందులో ఎక్కువ భాగాన్ని వినియోగదారుల బిల్లుల ద్వారా రాబట్టుకోనిచ్చింది. 2010లో ఇంకో అడుగు వేసి 50 కోట్ల పౌండ్ల నిధి పెట్టింది. కంపెనీలు పోటీపడి ప్రాజెక్టులు ప్రతిపాదించాలి, నేర్చుకున్నదాన్ని మిగతావాళ్లకు బహిరంగంగా చెప్పాలి. మార్కెట్ పెట్టగానే పరిశోధన దానంతట అదే రాలేదు, నియమం పెట్టాక వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో మన దేశానికి పనికొచ్చే సంగతి ఇదేనని మా అభిప్రాయం. ఆశ్చర్యం ఏమిటంటే, మనం బ్రిటన్ నుంచి మొదటి సగం తెచ్చుకున్నాం, రెండో సగం తెచ్చుకోలేదు.

ఒడిశాతో మొదలు

ప్రపంచ బ్యాంకు అప్పుతో, బ్రిటిష్ సలహాతో దేశంలో అందరికన్నా ముందు సంస్కరణ చేసింది ఒడిశా. 1995 చట్టం 1996 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బోర్డు పోయి గ్రిడ్కో, జలవిద్యుత్ కార్పొరేషన్ వచ్చాయి. దేశంలోనే తొలి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి భువనేశ్వర్‌లో ఏర్పడింది. 1999లో పంపిణీని నాలుగు కంపెనీలుగా చేసి ప్రైవేటుకిచ్చారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ ప్రాంతాలు, అంటే ఒడిశాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాలు, బరంపురం కేంద్రంగా సౌత్‌కో కిందికి వచ్చాయి.

ఆ ఏడాదే అక్టోబరులో సూపర్ సైక్లోన్ వచ్చి కోస్తాలో స్తంభాలు నేలమట్టం చేసింది. మధ్య ఒడిశా పంపిణీ తీసుకున్న అమెరికన్ కంపెనీ ఏఈఎస్ 2001లో వదిలి వెళ్లిపోయింది. సౌత్‌కోతో సహా మిగతా మూడు కంపెనీలు బీఎస్‌ఈఎస్, తర్వాత రిలయన్స్ చేతుల్లో నడిచాయి. నష్టాలు తగ్గించలేదని, పెట్టుబడి పెట్టలేదని 2015లో నియంత్రణ మండలి వాటి లైసెన్సులు రద్దు చేసింది. 2021 జనవరి నుంచి దక్షిణ ఒడిశా పంపిణీ టాటా పవర్ చేతికి వచ్చింది.

ఇన్నేళ్ల గొడవలో నడిచిన చర్చంతా లైన్ నష్టాలు, బకాయిలు, వసూళ్ల చుట్టూనే. అది సహజం, ఇల్లు కారుతుంటే పునాది గురించి ఎవరు మాట్లాడతారు? కానీ తుపాను కోస్తాలో ఉప్పుగాలికి తీగలు, ఇన్సులేటర్లు ఎన్నేళ్లు నిలుస్తాయి, కొండ ఊళ్లకు పొడుగాటి లైను లాగడం మేలా, అక్కడికక్కడే చిన్న సౌర గ్రిడ్డు పెట్టడం మేలా అన్నవి దక్షిణ ఒడిశాకు రోజువారీ ప్రశ్నలు. వీటికి జవాబు వెతకడం సంస్కరణ చట్టంలో ఎవరి బాధ్యతగానూ రాసి లేదు.

ఆంధ్రప్రదేశ్ 1998లో, కర్ణాటక 1999లో సంస్కరణ చట్టాలు చేశాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై నిరసన మీద కాల్పులు జరిగాక, తెలుగునాట విద్యుత్ రాజకీయం పూర్తిగా చార్జీలు, ఉచిత కరెంటు చుట్టూ తిరిగింది. తర్వాత 2003 విద్యుత్ చట్టం దేశమంతటికీ ఒకే చట్రం తెచ్చింది. తమిళనాడు బోర్డు మాత్రం 2010 నవంబరు దాకా ఒకే సంస్థగా కొనసాగింది.

మార్కెట్ ఇచ్చినవి

సంస్కరణ వల్ల కొత్త ఆలోచనలు అసలే పుట్టలేదంటే అబద్ధమవుతుంది. కొన్ని సంస్కరణ లేకపోతే పుట్టేవే కావు. మేము అన్నిటికన్నా ముందు చెప్పేది ఏబీటీ గురించి. పేరు పొడుగ్గా ఉంటుంది, అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్. లోపలి సంగతి మాత్రం తేలికగానే అర్థమవుతుంది.

గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాలి. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే అది పడిపోతుంది. 1990లలో దక్షిణాది గ్రిడ్డులో అది తరచూ 48 చుట్టుపక్కలకు పడిపోయేది. మోటార్లు వేడెక్కేవి, ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరిగేవి. ఒక రాష్ట్రం తన వాటాకు మించి లాగినా పెద్దగా దండుగ ఉండేది కాదు, కాబట్టి అందరూ లాగేవారు. ఏబీటీ దీనికి ఒక ధర కట్టింది. ముందు చెప్పిన లెక్కకు మించి లాగితే కట్టాల్సిన రేటు ఆ నిమిషంలో గ్రిడ్డు ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువుంటే రేటు అంత ఎక్కువ. తన వాటా కన్నా తక్కువ లాగిన రాష్ట్రానికి అదే రేటున డబ్బు వస్తుంది. అంటే గోడకున్న ఫ్రీక్వెన్సీ మీటరే ధరల బోర్డు అయింది. కేంద్ర నియంత్రణ మండలి 2000లో ఉత్తర్వు ఇస్తే, దక్షిణాదిలో 2003 జనవరి 1 నుంచి అమలైంది. నెలల్లోనే ఫ్రీక్వెన్సీ కుదుటపడింది. దీని రూపకల్పనలో ముఖ్యుడిగా పేరున్న భానుభూషణ్ పవర్‌గ్రిడ్ ఇంజినీరు, ఆ తర్వాత కేంద్ర మండలి సభ్యుడు. ఏ దేశం నుంచీ అరువు తెచ్చుకోని పరిజ్ఞానం ఇది, ప్రయోగశాలలో కాక నియమావళిలో పుట్టింది. 2014లో దాని స్థానంలో వేరే పద్ధతి వచ్చినా మూలసూత్రం అదే.

2008లో విద్యుత్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. ఆ రెండు ఊళ్లూ మన తెలుగువాళ్ల పాత నివాసాలే అన్నది చిన్న విశేషం. అంతకుముందు ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర మిగతా దేశం కన్నా బాగా ఎక్కువ పలికేది. లైను సామర్థ్యం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది.

వేలం ధర, దాని వెనక ధర

మార్కెట్ గట్టిగా పనిచేసిన చోటు సౌర విద్యుత్. 2010లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో యూనిట్ 11 నుంచి 13 రూపాయల మధ్య పలికింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 అయింది. పదేళ్లలో ఇంత పతనం ఏ బోర్డూ ఊహించి ఉండదు.

పావగడ చూడండి. తుమకూరు జిల్లాలో తిరుమణి, వల్లూరు, బాలసముద్ర, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. అనంతపురం సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. భూమిని కొనకుండా ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకోవడం, రెండేళ్లకోసారి 5 శాతం పెంచడం ఈ పార్కు ప్రత్యేకత. వానలు మొహం చాటేసే నేలలో నికరంగా వచ్చే కౌలు రైతుకు ఆసరా అయింది. భూమి లేని కూలీలకు మాత్రం పొలం పని పోయి, ఆ మేరకు పార్కులో పని దొరకలేదు. కౌలు పద్ధతి కూడా ఒక కొత్త ఆవిష్కరణే. దాని ఫలితం ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నది కూడా పరిశోధించాల్సిన విషయమే.

ఇక పలకల సంగతి. ఆ ఏళ్లలో దేశమంతటా బిగించిన సౌర పలకల్లో అత్యధిక భాగం చైనావి. దీనికి కారణం వేలం పద్ధతిలోనే ఉంది. ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే పాతికేళ్ల ఒప్పందం. అప్పిచ్చే బ్యాంకు ఇప్పటికే వేల మెగావాట్లు నడిచిన పరికరాన్నే కోరుతుంది. మన ప్రయోగశాల నుంచి నిన్న బయటికొచ్చిన సెల్లుకు ఆ వరుసలో చోటుండదు. దేశీయ సెల్లులే వాడాలన్న షరతు పెడితే ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా ఫిర్యాదు చేసింది, 2016లో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో పలకల మీద 40 శాతం, సెల్లుల మీద 25 శాతం దిగుమతి సుంకం వేసి, తయారీకి ప్రోత్సాహకాలు ఇస్తున్నారు. ఫ్యాక్టరీలు వస్తున్నాయి. ఫ్యాక్టరీ రావడం వేరు, తర్వాతి తరం సెల్లు ఇక్కడ పుట్టడం వేరు.

తమిళనాడు గాలిమరలదీ ఇలాంటి పాఠమే, కొంచెం తేడాగా. చెన్నైలో 1998లో మొదలైన పవన విద్యుత్ సంస్థ తూత్తుకుడి జిల్లా కయత్తారులో గాలిమరల పరీక్షా కేంద్రం నడుపుతోంది. అక్కడి గాలిమరలు చాలావరకు పన్ను రాయితీ కోసం మిల్లులవాళ్లు పెట్టుకున్నవి. రాయితీ పెట్టుబడి మీద కాబట్టి, అది ఎన్ని యూనిట్లు తీస్తుందన్న పట్టింపు తక్కువ. 2009 చివర్లో యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం తెచ్చాక మంచి యంత్రానికి విలువ పెరిగింది. 2017లో వేలం వచ్చింది, తొలి ధర 3.46. ఆ ముందు ఏడాది 5,500 మెగావాట్లు దాటిన కొత్త గాలిమరలు మరుసటి ఏడాది 2,000 కూడా చేరలేదు. తట్టుకోలేక చిన్న తయారీదారులు దెబ్బతిన్నారు. ధర తగ్గింది, అది మంచిదే. కానీ అంత హఠాత్తుగా నియమం మార్చితే పరిశోధన విభాగాలు నిలబడవు.

బొగ్గు సెస్సు కథ

డబ్బు లేక పరిశోధన ఆగిందని కొందరంటారు. 2010లో కేంద్రం టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు వేసింది. స్వచ్ఛ ఇంధన రంగంలో పరిశోధనకు, వినూత్న ప్రాజెక్టులకు వాడతామని జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి పెట్టింది. సెస్సు 2016 నాటికి 400 అయింది. 2017-18 దాకా వసూలైంది 86,000 కోట్లకు పైనే. అందులో నిధికి చేరింది 30,000 కోట్ల లోపు. ప్రాజెక్టులకు ఇచ్చింది 16,000 కోట్ల లోపు, ఇందులోనూ పరిశోధన అనదగ్గది కొంత భాగమే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సెస్సు రాష్ట్రాల పరిహారానికి మళ్లింది. ఆ సెస్సు చివరికి కరెంటు ధరలో కలిసి మన బిల్లులోనే వచ్చింది. పరిశోధన పేరు మీద మనం డబ్బు కట్టేశాం, అది పరిశోధనకు చేరలేదు అంతే.

2023 జనవరిలో ఆమోదించిన హరిత హైడ్రోజన్ మిషన్ లెక్క కూడా చూడండి: మొత్తం 19,744 కోట్లు, అందులో పరిశోధనకు 400 కోట్లు. నూటికి రెండు రూపాయలు.

ఎవరు అడగాలి

పవర్‌గ్రిడ్ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. మధ్యప్రదేశ్‌లోని బీనాలో 1,200 కిలోవోల్టుల ప్రయోగ కేంద్రాన్ని అది ముప్పైకి పైగా దేశీయ తయారీదారులతో కలిసి 2012లో నడిపించింది. అదే ఏడాది పుదుచ్చేరి విద్యుత్ శాఖతో కలిసి స్మార్ట్ గ్రిడ్ ప్రయోగం మొదలుపెట్టి, పలు కంపెనీల మీటర్లను ఒకేచోట పోల్చి చూసింది. ఆ సంస్థ ఇవి చేయగలిగింది దాని పరిమాణం వల్ల, ఖర్చు తిరిగి రాబట్టుకోగల నియంత్రిత ఆదాయం వల్ల. ప్రసార లైన్లు కూడా ఇప్పుడు వేలంలోనే పోతున్నాయి. తక్కువ కోట్ చేసి గెలిచిన కంపెనీ బీనా లాంటి కేంద్రం కట్టదు, కట్టమని అడగడమూ న్యాయం కాదు.

2021లో మొదలైన పంపిణీ సంస్కరణ పథకం కింద దేశంలో 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం. ఇంత పెద్ద ఎత్తున వాడకం లెక్కలు ఏ పరిశోధకుడికీ గతంలో దొరకలేదు. వినియోగదారుడి గుర్తింపు బయటపడకుండా ఆ లెక్కలను విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలా, మీటర్ పెట్టిన కంపెనీ దగ్గరే ఉంచాలా అన్నది ఇప్పుడే తేల్చాలి. పుదుచ్చేరిలో విద్యుత్ పంపిణీని ప్రైవేటుకిచ్చే ప్రతిపాదన 2020 నుంచి నలుగుతోంది, 2022లో ఉద్యోగులు సమ్మె చేశారు. యానాం వాసులకు ఈ ప్రశ్న దూరపుది కాదు.

ఇవి తేలే చోటు ఢిల్లీ ఒక్కటే కాదు. ప్రతి పంపిణీ సంస్థా వచ్చే ఆర్థిక సంవత్సరపు ఆదాయ అవసరాల లెక్కను, ఏఆర్‌ఆర్ అనే పేరుతో, మామూలుగా నవంబరు చివరికి నియంత్రణ మండలికి ఇస్తుంది. తర్వాత పత్రికల్లో ప్రకటన వేసి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరుపుతారు. ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలకు వేర్వేరు మండళ్లున్నాయి. యానాంకు వర్తించేది గోవా, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి మండలి. అభ్యంతరం పెట్టడానికి వకీలు అక్కర్లేదు, బిల్లు కట్టే ఎవరైనా రాయవచ్చు. ప్రకటనలు ఇంగ్లిషులోనూ ఆ రాష్ట్ర భాషలోనూ వస్తాయి కాబట్టి, మన పెద్దవాళ్లకు ఇంట్లో చదువుకున్న పిల్లలు చదివి చెప్పాల్సి ఉంటుంది. ఏఆర్‌ఆర్‌లో పరిపాలన ఖర్చుల పట్టిక దగ్గర ఆగి, పరిశోధనకో ప్రయోగాలకో విడిగా ఒక వరుస ఉందా, ఉంటే ఎంత, గత ఏడాది ఇచ్చినదాంట్లో ఎంత వాడారు, ఫలితం ఎక్కడ ప్రచురించారు అని అడగవచ్చు. ఆ వరుస లేకపోతే ఎందుకు లేదని అడగవచ్చు. లిఖితపూర్వకంగా వచ్చిన అభ్యంతరానికి కంపెనీ జవాబివ్వాలి, ఆ ప్రశ్నా జవాబూ రెండూ మండలి ఉత్తర్వులో నమోదవుతాయి.